తగిలినవాడి మాట

శనివారం పొద్దున నంద్యాలలో ఒక పిల్లను, నిజం చెప్పినందుకు తిట్టాను. పక్కకు పిలిచి కాదు. జట్టు ముందర, అవతలి బడి పిల్లల ముందర, చూడ్డానికి వచ్చిన వాళ్ల ముందర.

నేను ఆళ్లగడ్డలో ఒక హైస్కూల్లో డ్రిల్లు సారును. ఇంకో మూడేళ్ల సర్వీసు ఉంది. మా ఆడపిల్లల కబడ్డీ జట్టు ఇంతకు ముందెప్పుడూ నంద్యాల దాకా వచ్చి ఫైనల్ ఆడలేదు. ఆడింది. ఆఖరి నిమిషానికి రెండు జట్లకూ పాయింట్లు సమానంగా ఉన్నాయి. అవతలి పిల్ల కూతకొచ్చింది, మా మూలకు ఒక్కసారి కాలు చాపింది, ఊపిరి బిగబట్టుకుని వెనక్కి పరిగెత్తింది. రెఫరీ మేడమ్ విజిల్ ఊదలేదు. ఆమె నిలబడిన చోటికి ఆ మూల కనపడదు. గండం గడిచిందని నేను కుర్చీలోంచి లేచాను.

అప్పుడు మా శిరీష కుడిచెయ్యి పైకెత్తింది.

"మేడమ్, నాకు తగిలింది," అని, తనంతట తానే గీత దాటి బయటికి పోయి కూర్చుంది.

ఆ ఒక్క పాయింటుతో ఓడిపోయాం. పిల్లలు నీళ్లు తాగుతుంటే నేను పోయి ఆ పిల్ల ముందర నిలబడ్డాను.

"నిన్నెవరడిగినారు? రెఫరీకి లేని బాధ నీకెందుకు?"

"తగిలింది సార్."

"తగిలితే? చెప్పకపోతే సచ్చిపోతావా? పెద్ద నీతిమంతురాలు బయల్దేరింది!"

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు నన్ను చూసింది. తిరుగు బస్సులో పిల్లలెవరూ నా పక్క సీట్లో కూర్చోలేదు. ఎప్పుడూ కిటికీ కోసం కొట్టుకునే వాళ్లు, ఆ రోజు ఆళ్లగడ్డ వచ్చేదాకా గట్టిగా మాట్లాడుకోలేదు కూడా.

బస్సులో నా కళ్ల ముందర ఆ ఎత్తిన చెయ్యే ఉంది. అది నాకు కొత్త కాదు. నలభై ఏళ్ల కిందట అట్లాంటి చెయ్యి ఒకటి నేను ఎత్తవలసింది. ఎత్తలేదు. ఎత్తుతానని నా ఎదురుగా నిలబడి కాచుకున్న మనిషి ఒకడుండేవాడు. ఇది రాయడం ఆయన కోసం.

మా ఊరు ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రికి పోయే దారిలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి పోవాలి. ఆయన పేరు రాయను. ఆయన పేరును మా వీధి వాళ్లం నోటికొచ్చినట్టు వాడినాం. నాకంటే పాతికేళ్లు పెద్దవాణ్ని నేను కూడా 'ఒరే' అనే పిలిచాను. ఇప్పుడు ఆ పేరుకు గౌరవం తగిలించి రాస్తే నాకే సిగ్గుగా ఉంటుంది. చర్చి వీధిలో మాత్రం ఆయన్ను గీతల మేస్త్రి అనేవాళ్లు.

ఆయన పని ఇళ్లకు బండలు పరచడం. కొలిమిగుండ్ల వైపు నుంచి ట్రాక్టర్లలో నాపరాళ్లు వచ్చేవి. ఆయన ఈ గోడ నుంచి ఆ గోడకు దారం కట్టి, దాన్ని వేలితో ఒకసారి మీటి, అది ఊగి ఊగి ఆగేదాకా చూస్తూ కూర్చునేవాడు. ఇంటి యజమానులకు ఆ కూర్చోవడం నచ్చేది కాదు.

"ఏందిరా, కూలికొచ్చినావా, దారం జూడ్డానికొచ్చినావా?"

"ఊగేటప్పుడు గీత గియ్యకూడదప్పా," అనేవాడు, తల ఎత్తకుండా.

మా ఊర్లో పంటలు ఇంటికొచ్చాక చర్చి వాళ్లు కోత పండుగ చేసేవాళ్లు. కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి చర్చిలో పెట్టి, ప్రార్థన అయ్యాక వేలం పాడేవాళ్లు. ఆ మర్నాడు చర్చి పక్క మైదానంలో కబడ్డీ. చుట్టుపక్కల ఊర్ల నుంచి జట్లు వచ్చేవి. గెలిచిన జట్టుకు ఒక పొట్టేలు. ఆ పొట్టేలు కోసమే మా వీధి వాళ్లం కూడా ఆ రోజు చర్చి వీధిలో అడుగు పెట్టేవాళ్లం. మిగతా ఏడాదంతా మాకు ఆ దారే తెలియనట్టు ఉండేవాళ్లం.

ఆటకు పెద్ద ఆయనే. ఎవరు పెట్టారో తెలియదు. పొద్దున్నే దారం తెచ్చి, నేలకు చీలలు కొట్టి, మోకాళ్ల మీద పాకుతూ, అడుగున చిల్లి పెట్టిన డబ్బాతో సున్నం నీళ్లు పోసుకుంటూ పోయేవాడు. ఆయన గీసిన గీత పక్కన నిలబడితే మన కాలే వంకరగా ఉందేమో అనిపించేది. ఆట మొదలయ్యే ముందు జేబులోంచి ఒక బీడీ తీసి చెవి మీద పెట్టుకునేవాడు. అది ఆట అంతా అక్కడే ఉండేది. ఆఖరి ఆట ముగిసి, అంతా సరిగ్గా జరిగిందని ఆయన మనసుకు తోచినాక ముట్టించేవాడు. ఆ పొగ చూస్తే గాని చర్చి వీధి ముసలివాళ్లు లేచి ఇళ్లకు పోయేవాళ్లు కాదు.

విజిల్ లేదు. ఒక చప్పట్టు కొడితే మొదలు, రెండు కొడితే ఆపు. అనుమానం వచ్చినప్పుడు మాత్రం చప్పట్లు కొట్టడు. నడిచి వచ్చి, తగిలిందో లేదో తేలని ఆటగాడి ముందర నిలబడి, "ఏమప్పా, తగిలిందా?" అని ఒక్క మాట అడుగుతాడు. అడిగి ఊరుకుంటాడు. దారం ఆగేదాకా చూసినట్టే మొగం చూస్తూ ఉంటాడు. మైదానమంతా నోరు మూసుకుంటుంది.

కూతకొచ్చినవాడు ఎంత అరిచినా వినేవాడు కాదు. "తగిలించినోనికి ఆశ ఉంటాది. తగిలినోనికి తెలుస్తాది. నాకు తెలిసినోని మాట కావాల," అనేవాడు.

ఒక ఏడు పిండిమర నడిపే ఒక లావుపాటి ఆయన్ను అట్లనే అడిగాడు. ఆ పిండిమరాయన మొగం పైకెత్తి ఆకాశం వైపు చూడ్డం మొదలుపెట్టాడు. ఎంతసేపైనా చూపు దించడు. గుంపులోంచి ఒక ముసలామె అరిచింది: "ఆకాశం జూడొద్దప్పా, ఆడేం రాసిల్యా! నీ తొడను అడుగు!"

మైదానం పగిలిపోయేట్టు నవ్వారు. పిండిమర ఆయన కూడా నవ్వేసి చెయ్యెత్తాడు. ఎత్తగానే జనం చప్పట్లు కొట్టారు. అది కూడా ఆ మైదానం అలవాటే. పాయింటు తెచ్చినవాడి కంటే, చెయ్యెత్తి బయటికి పోయినవాడికి ఎక్కువ చప్పట్లు పడేవి. వేరే ఊర్ల నుంచి కొత్తగా వచ్చిన జట్లకు ఇదేమిటో అర్థమయ్యేది కాదు.

ఇంకొక కట్టుబాటు కూడా ఆయనదే. పొట్టేలును అక్కడే కోసి వండాలి. గెలిచినవాళ్లు వడ్డించాలి, ఓడినవాళ్లు ముందు తినాలి. వాళ్లు తిన్నాక గెలిచినవాళ్లు తినాలి. అందరూ అయ్యాక ఆఖరి బంతిలో ఆయన. ఇదేం పద్ధతిరా అని ఎవరో అడిగితే, "గెలిచినోనికి కడుపు నిండే ఉంటాది గదప్పా. కొంచెం ఆగుతాడులే," అన్నాడు.

నేను ఇంటర్ చదివే ఏడు మా వీధి జట్టూ, చర్చి వీధి జట్టూ ఫైనల్‌కు వచ్చాయి. పొద్దున బయల్దేరేటప్పుడు మా నాయన గడప దగ్గర ఆపి చెప్పాడు: "గెలిస్తే గెలువు. ఆడ తినేదానికి చెయ్యి కడిగినావంటే మాత్రం ఇంట్లోకి రావొద్దు."

ఆఖరి కూతకు ఏసోబు వచ్చాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. చర్చి వీధిలో వాడి కంటే పొడుగు చెయ్యి లేదు. మేము ఒక్క పాయింటు ముందున్నాం. వాడు రెండు తెస్తే వాళ్లది గెలుపు. మా వాణ్నొకణ్ని అందరికీ కనపడేట్టు కొట్టాడు. తర్వాత వెనక్కి తిరుగుతూ, వంగి, నా ఎడమ మడమ మీద రెండు వేళ్లు రాసుకుంటూ పోయాడు. గీత దాటి, "ఇద్దరు! ఇద్దరు!" అని ఎగిరాడు.

దుమ్ములో ఎవరికీ కనపడలేదు. మేస్త్రికీ కనపడలేదు. నడిచి వచ్చి నా ముందర నిలబడ్డాడు.

"ఏమప్పా, తగిలిందా?"

నేను ఆకాశం చూడలేదు. తెలివిగలవాణ్ని కదా, సూటిగా ఆయన కళ్లలోకే చూశాను. ఎంతసేపని చెప్పను? నా మడమ మీద ఆ రెండు వేళ్లు ఇంకా చల్లగా ఉన్నాయి. మా జట్టువాళ్ల ఊపిరి నాకు వినపడుతోంది. దూరంగా వంట పొయ్యి మీద కట్టె చిటపటమంటోంది.

"తగల్లేదు," అన్నాను.

ఆయన ఇంకొంచెం సేపు ఉన్నాడు. ఆ కొంచెం సేపు నాకిచ్చిన గడువని అప్పుడు తెలియలేదు. తర్వాత గుంపు వైపు తిరిగి, "తగల్లేదంటాండాడు. ఒక్కరే," అని రెండు చప్పట్లు కొట్టాడు.

పాయింట్లు సమానమయ్యాయి. అట్లయితే ముందు నుంచీ ముందున్న జట్టుదే పొట్టేలని అక్కడి లెక్క. గెలిచాం. ఏసోబు నోరు తెరిచాడు గాని, ఆ మైదానంలో తగిలించినవాడి మాట చెల్లదని వాడికీ తెలుసు. మూసుకున్నాడు.

కూర బకెట్టు నా చేతికిచ్చారు. వరసలో ఏసోబు విస్తరి దగ్గరికి వచ్చేసరికి గంటె సగమే ముంచాను, రెండే ముక్కలు పడ్డాయి.

"ఏందప్పా, గెలిచినోళ్లు ఇంత పిసినారులా? ఇంకో గంటె ఎయ్యి!" అన్నాడు ఏసోబు. పక్కవాళ్లు నవ్వారు. వాడు నా మొగం వైపు చూడలేదు.

వడ్డన అయిపోగానే మేము చేతులు దులుపుకుని బయల్దేరాం. మేస్త్రి చర్చి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "తినిపోండప్పా," అన్నాడు. "పనుంది," అన్నాం. ఆయన చెవి మీద బీడీ అట్లనే ఉంది. ఆట అయిపోయి గంటయింది.

మరుసటి ఏడు నేను ఆడలేదు. నంద్యాల హాస్టల్లో ఉండి, పరీక్షలని చెప్పి, ఆఖరి నిమిషంలో ఊరికి వచ్చాను. పొద్దున్నే ఆయనే మా ఇంటి వీధి మొగదల దాకా వచ్చి కబురు పంపాడు: దారం పట్టేదానికి ఒక మనిషి కావాల, నువ్వు రా.

చర్చి వీధిలో దారం పట్టేవాళ్లు లేకనా? నలభై మంది ఉన్నారు. పోయాను. ఎప్పుడు బయటపెడతాడో, ఎవరి ముందర అంటాడో అని కాచుకునే ఉన్నాను. ఏమీ అనలేదు. దారం కొన నా చేతికిచ్చి, "గట్టిగా పట్టుకో. నీ పక్క వదులైతే నా పక్క ఎంత బిగించినా లాభం లేదు," అన్నాడు. వేలితో మీటాడు. ఇద్దరం అది ఆగేదాకా చూశాం. ఆ తర్వాత ఏటేటా పట్టాను. కొలత ఎట్లా తీయాలో, మూల ఎట్లా కుదరాలో, గుంపు మీద పడకుండా దాన్ని ఎట్లా దూరం పెట్టాలో, అరిచేవాణ్ని అరవనిచ్చి ఎట్లా ఊరుకోవాలో, అన్నీ ఆయన పక్కన నిలబడే నేర్చుకున్నాను. నేను డ్రిల్లు ట్రైనింగుకు పోయింది ఆ దారం పట్టుకునే. ఈ రోజు నేను తినే అన్నంలో ఆయన పెట్టింది చాలా ఉంది. ఒక దొంగను పట్టుకుని, దొంగ అని అనకుండా, పని చేతికిచ్చాడు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ పిల్ల పట్లా నేను ఆ పని చేయలేకపోయాను. శనివారం దాకా అది కూడా నాకు తెలియలేదు.

ఇరవై ఏళ్ల కిందట ఆళ్లగడ్డలో నేను ఇల్లు కట్టుకున్నాను. బండలు ఆయనే పరచాలని ఊరి నుంచి పిలిపించాను. అప్పటికి అరవై దాటాడు. చెవి మీద బీడీ, చేతిలో కొయ్య సుత్తి. నన్ను 'సారూ' అనడం మొదలుపెట్టాడు. నేను 'మేస్త్రీ' అనడం నేర్చుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక బండ అంచు సరిచేస్తున్నాడు. నేను వెనక నిలబడి ఉన్నాను. మొగం కనపడదు కాబట్టి నోరు లేచింది.

"మేస్త్రీ, ఏసోబు కూతకొచ్చిన రోజు... నాకు తగిలింది."

టక్, టక్. సుత్తి ఆగలేదు.

"తెలుసు సారూ."

"ఎట్ల? నీకు కనపళ్లేదు గదా."

"కనపళ్లేదు. నువ్వు చానా సేపు ఆలోచన చేసినావు. తగలనోనికి ఆలోచన ఎందుకు?"

"తెలిసి కూడా వానికి పాయింటు ఎందుకియ్యలేదు?"

అప్పుడు సుత్తి కింద పెట్టాడు. "నిన్ను అడిగినా గదా. అడిగినాక నీ మాట తీసుకోవాల. నాకు నచ్చిన మాట చెప్తేనే తీసుకుంటానంటే, ఇంక అడిగేదెందుకు?"

మళ్లీ ఆయనే అన్నాడు:

"నాకు చెప్తే ఏమొస్తాది సారూ? తగిలించినోడు ఉండాడు. పోయి వానికి చెప్పు."

"చెప్తా."

"ఎప్పుడు?"

"చెప్తాలే మేస్త్రీ."

తిరిగి నా మొగం వైపు చూశాడు. మైదానంలో చూసినట్టే. నేను బండ వైపు చూశాను. కాసేపటికి సుత్తి తీసుకున్నాడు.

అన్నం వేళకు ఆయనకు విస్తరి వేస్తే తినకుండా కూర్చున్నాడు. "నువ్వు తిను సారూ, తర్వాత నేను తింటా. ఆ పొద్దు మీరు తినకుండా పోయినారు గదా. వస్తారేమో అని చానా సేపు జూసినా."

"మల్ల ఆ కూర?"

"పిల్లోళ్లకు పెట్టినాంలే. యాడ మిగుల్తాది పొట్టేలు కూర!"

"మరి నువ్వు?"

"నాది ఆఖరి బంతి గదా," అన్నాడు నవ్వి. గెలిచినవాళ్లు తినలేదు కాబట్టి ఆయన బంతి రాలేదు. నేను ఆ సగం పరచిన బండల మీద కూర్చుని ముందు తిన్నాను. తర్వాత ఆయన తిన్నాడు. చేతులు కడుక్కున్నాక బీడీ ముట్టిస్తాడేమో అని చూశాను. ముట్టించలేదు. చెవి మీద ఒకసారి సర్దుకుని, దారం కట్టుకున్నాడు.

ఇప్పటికీ మా ఇంట్లో గోలీ కింద పెడితే పెట్టిన చోటే ఉంటుంది.

ఏసోబుకు చెప్పలేదు. ఈ వారం, వచ్చే వారం, పండుగకు అనుకుంటూ ఇరవై ఏళ్లు గడిపాను. రెండేళ్ల కిందట మేస్త్రి పోయాడు. ఆటల పోటీల్లో ఉండి మూడో రోజు పోయాను. సమాధి మీద నాపరాయి పరచి ఉంది. ఎవరు పరిచారో, ఒక మూల కొంచెం లేచింది. ఆయన చూసి ఉంటే మళ్లీ తీయించేవాడు.

శనివారం సాయంత్రం బస్సు దిగేసరికి నా మనసులో ఒకటే ఉంది. ఆ పిల్లకు క్షమాపణ చెప్పాలంటే ముందు చెప్పవలసినవాడు ఇంకొకడున్నాడు.

ఆదివారం చర్చి వదిలే వేళకు ఊరికి పోయాను. ఏసోబు ఇంటి ముందర తెల్ల చొక్కా విప్పి దండెం మీద వేస్తున్నాడు. అరవై దాటినా ఆ చేతులు అట్లనే పొడుగు.

"ఏందన్నా, దావ తప్పి వచ్చినావా?" నాకంటే పెద్దవాడైనా, మా వీధి వాణ్ని కాబట్టి నన్ను అన్నా అనేవాడు.

"ఏసోబూ, ఆ పొద్దు కబడ్డీలో నాకు తగిలింది. ఎడమ మడమ మీద. నీ రెండు వేళ్లు."

వాడు దండెం పట్టుకుని అట్లనే నిలబడ్డాడు. తర్వాత లోపలికి కేకేశాడు: "ఏమే, ఇట్ల రా! బేగా రా! అన్నా, ఇప్పుడు చెప్పినావే, అది ఈమెకు మల్లొకసారి చెప్పు."

ఆమె చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. మళ్లీ చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"అయితే ఆ మహానుభావులు మీరేనా! పెండ్లైన కొత్తల్లో మా నాయన నన్నడిగినాడు, ఏమమ్మా, నీ మొగుణ్ని ఊర్లో ఉత్తేళ్ల ఏసోబు అంటారంట, ఎందుకని. నేనేం చెప్పాల? ఈయప్ప వాన పడిందన్నా, బస్సొచ్చిందన్నా, 'తగిలిందా ఏసోబూ?' అని నవ్వేటోళ్లు."

ఉత్త వేళ్ల ఏసోబు. ఆ పేరు నాకు తెలుసు. ఎక్కడ నుంచి పుట్టిందో కూడా తెలుసు. తెలిసీ, నలుగురిలో ఉన్నప్పుడు, ఒకటి రెండు సార్లు నేనూ ఆ పేరుతో పిలిచాను. అది కూడా వాళ్లిద్దరి ముందరా చెప్పాను.

"నేను ఆ ఏటి నుంచి ఆడలేదన్నా," అన్నాడు ఏసోబు, తన కుడిచెయ్యి రెండు వేళ్లు చూసుకుంటూ. "మేస్త్రి అడిగినాడు, నువ్వు కాదంటివి. రాన్రానూ నాకే అనుమానమొచ్చింది. నా వేళ్లే నాకు అబద్ధం చెప్పినాయేమో అని. కోపం ఉండాది. లేదని చెప్పను. మేస్త్రి బతికుండంగా చెప్పింటే ఆయనన్నా వినుండు."

"ఆయనకు చెప్పినాను. నీకు చెప్పమన్నాడు. ఇరవై ఏండ్లైంది."

ఏసోబు తల ఊపాడు, అది ఆయన మాటేనని గుర్తుపట్టినట్టు. లోపల కూర ఉడుకుతోంది.

"తినిపోతావా?" అన్నాడు, కొంచెం పరీక్షగా.

"తింటా. ముందు నువ్వు తిను, నేను వడ్డిస్తా. గెలిచినోళ్లు వడ్డించాల గదా."

"ఇంకా గెలిచినా అంటాండావే!" ఏసోబు గిన్నె లాక్కున్నాడు. "గెలిచింది నేను. నువ్వు కూర్చో. ఏమే, అన్నకు రెండు ముక్కలు కాదు, ఇంకా నాలుగెయ్యి. మాది పిసినారితనం కాదు."

కూర్చున్నాను. చెయ్యి కడిగాను. మా నాయన గుర్తొచ్చాడు. తిన్నాను.

సోమవారం పొద్దున మైదానంలోకి శిరీష వచ్చింది గాని ఆడటానికి కాదు. ఉతికి మడిచిన జెర్సీ నా చేతిలో పెట్టింది.

"మా నాయన ఇచ్చి రమ్మన్నాడు సార్. ఇంక ఆటొద్దన్నాడు."

అందరినీ పిలిచి వరసగా నిలబెట్టాను. శనివారం నేను తిట్టింది తప్పని, శిరీష చేసింది సరైనదని చెప్పాను. నా మడమ సంగతి కూడా దాచకుండా చెప్పాను. పిల్లలు నేల చూశారు. ఒకరిద్దరు నన్నే చూశారు. అంతా విని శిరీష అంది:

"నాకు కాదు సార్, మా నాయనకు చెప్పండి."

సాయంత్రం పోయాను. వాళ్ల నాయన చాగలమర్రి రోడ్డులో ఆటో నడుపుతాడు. ఆటో తుడుస్తూనే విన్నాడు.

"సారూ, ఇంట్లో అబద్ధం చెప్తే నేను కొడతా. ఆడ నిజం చెప్తే మీరు తిడతాండారు. పిల్ల ఎవరి మాట వినాల?"

"నీ మాటే వినాల. నేను తప్పు చేసినా. పిల్లలందరి ముందరా చెప్పి వచ్చినా."

"మల్ల తిట్టరని ఏం నమ్మకం?"

"లేదప్పా, నమ్మకం. కోపమొస్తాది నాకు. కానీ ఇంక ఆ మాట మీద రాదు," అన్నాను. ఆయన గుడ్డ పిండి ఆటో అద్దం మీద వేశాడు. "చూస్తాం లెండి," అన్నాడు. జెర్సీ సీటు మీద పెట్టి వచ్చాను.

మంగళవారం నేను దారం తీసుకుని మైదానానికి పోయేసరికి ఆ పిల్ల జెర్సీ వేసుకుని నిలబడి ఉంది. దారం ఒక కొన తనకిచ్చాను. మీటాను.

"ఊగుతాంది సార్."

"ఆగనీ."

ఆగింది. గీతలు గీసుకున్నాం. ఒక వైపు మనిషి తక్కువైతే, పిల్లలు "సారు మా పక్క, సారు మా పక్క" అని అల్లరి చేసి నన్ను మూలన నిలబెట్టారు. ఈ వయసులో నా మోకాళ్లు వంగవు. శిరీష కూతకొచ్చింది. ఎగిరి, వంగి, నన్ను దాటి, దుమ్ము లేపుకుంటూ గీత మీదికి పోయింది. పోయి, వెనక్కి తిరిగింది. తగిలిందో లేదో తనకే రూఢిగా తెలియదు. మిగతా ఎవరూ చూడలేదు. తను అడగలేదు కూడా. ఊరికే నా మొగం చూస్తూ నిలబడింది.

నా కుడి పిక్క మీద గాలి తగిలినంత మెత్తగా తగిలింది.

చెయ్యి పైకెత్తాను. గీత దాటి బయటికి పోయి కూర్చున్నాను. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. "చాల్లే, ఆడండి," అన్నాను. మా వాళ్లు ఒక పాయింటు తెచ్చి నన్ను మళ్లీ లోపలికి పిలిచేదాకా అక్కడే కూర్చున్నాను.